కుక్కర్ రబ్బరు దొరుకుతుందా?

వంటింటి సామాన్ల కొట్లో ధర కంటే ముందు నేను ఇంకో మాట అడుగుతాను. "దీని రబ్బరు విడిగా దొరుకుతుందా?" కుక్కరైతే రబ్బరు, మిక్సీ అయితే కప్లరు, గ్రైండరైతే బెల్టు. కౌంటరు దగ్గరి కుర్రాడు మొహం అదోలా పెడతాడు. "కొత్తది కొంటున్నారు కదండీ, అప్పుడే రిపేరు మాటెందుకు?" అంటాడు. పెళ్లిచూపులకొచ్చి విడాకుల లాయరు నంబరు అడిగినట్టుంటుంది పాపం అతనికి. నా చవక లెక్క మాత్రం అక్కణ్నుంచే మొదలవుతుంది. నాలుగు వందలు తగ్గించి ఇచ్చిన వస్తువు పాతిక రూపాయల ముక్క దొరక్క అటకెక్కిందంటే, ఆ ఇంట్లో దానంత ఖరీదైన సామాను ఇంకోటి లేనట్టే.

నమ్మకం లేకపోతే మీ అటక ఓసారి దులిపి చూడండి. రొట్టెలు వాటంతటవే చేసి పెడతానన్న రోటీ మేకర్ ఉంటుంది. దాంట్లోంచి పుల్కా అని వచ్చేదాన్ని విరుచుకు తినాలి. శాండ్‌విచ్ టోస్టర్ ఉంటుంది. ఆరు గుడ్లు ఒక్కసారి ఉడకబెట్టే బుడ్డి ఉంటుంది. మామూలు గిన్నెలో ఆరు గుడ్లు పట్టవని మనకి ఎవరు చెప్పారో తెలీదు. తాడు లాగితే ఉల్లిపాయలు తరిగే ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, తాడు లోపలికి పోయి ఉంటుంది. గృహప్రవేశానికి వచ్చినవి కొన్ని, ఆషాఢం సేల్లో ఒకటి కొంటే ఇంకోటి ఉచితమంటే తెచ్చుకున్నవి కొన్ని. ఉచితంగా వచ్చినదానికి కూడా అటక మీద చోటు కావాలి, దీపావళి ముందు దుమ్ము దులపాలి. ఆ కూలి ఎవరూ లెక్కెయ్యరు.

అసలు మన మిక్సీ పుట్టిందే రిపేరు దొరక్క. 1960ల మొదట్లో సీమెన్స్ కంపెనీలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు పనిచేసేవారు. ఆయన భార్య మాధురి దగ్గర బ్రౌన్ అనే జర్మనీ మిక్సర్ ఒకటి ఉండేది. అది చెడిపోయింది. బాగుచేసే దిక్కు ఇక్కడ లేదు. మెత్తని పళ్లకీ పాలకీ అక్కడివాళ్లు చేసుకున్న మోటారుకి మన ఎండు కొబ్బరీ, మినప్పప్పూ, ధనియాలూ ఎక్కడ లొంగుతాయి? అయితే మీరే ఒకటి చేసిపెట్టండి అని ఆవిడ భర్తతో అన్నదని చెప్పుకుంటారు. 1963లో మొదలైన ఆ పనే సుమీత్ మిక్సీ. ఇప్పుడు మన వంటింట్లో గోల చేస్తున్న ప్రతి మిక్సీకీ, మీద ఏ పేరున్నా, వంశవృక్షం అక్కడికే పోతుంది. ఒక ఇల్లాలి చేతిలో విదేశీ సామాను మూలపడకపోతే మనం ఇంకెన్నాళ్లు రుబ్బురోలు దగ్గర చతికిలబడేవాళ్లమో.

మిక్సీ సంగతి ఎత్తాను కనుక రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోతే వెంటనే షాపుకి పరిగెత్తక్కర్లేదు. చాలా మిక్సీలకి అడుగున చిన్న ఎర్ర మీట ఉంటుంది. బరువెక్కువై మోటారు వేడెక్కితే కరెంటు తనే తెంపుకునే ఏర్పాటది. కాసేపు చల్లారనిచ్చి, జార్లో సగం తీసేసి, ఆ మీట నొక్కితే మళ్లీ తిరుగుతుంది. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ బ్లేడు కదలకపోతే అది కప్లరు. మా వీధి చివర రిపేరు కొట్టు బాబాయ్ దాని గురించి నాకు ఓసారి పాఠం చెప్పాడు. "మోటారు నిక్షేపంగా ఉందమ్మా. కప్లరు పళ్లరిగినై, అంతే. ఇది అరగాలనే పెట్టారు. జార్లో ఏదన్నా ఇరుక్కుంటే ముందు ఇది పోవాల. ఇది పోకపోతే మోటారు కాలుద్ది." యంత్రం అంతట్లోకీ చవకైన ముక్కని యంత్రం కోసం బలిచ్చే ఈ తెలివి నాకు భలే నచ్చింది. బాబాయ్ కొట్లో గోడ నిండా మేకులు. మేకు మేకుకీ రకరకాల రబ్బర్లు, వెయిట్లు, పిడులు, జార్ల కింది వాషర్లు. సేల్ కరపత్రం చేతికొస్తే ముందు ఆ గోడ గుర్తొస్తుంది నాకు. అక్కడ ఏ కంపెనీ ముక్కలు ఎక్కువ వేలాడుతుంటే ఆ కంపెనీ సామాను కొంటాను. అంతకంటే నమ్మకమైన సలహాదారు ఇంకా తగల్లేదు.

మా అమ్మమ్మ రోజుల్లో ఈ గోడ వీధిలో నడుచుకుంటూ వచ్చేది. రోళ్లకు గాట్లు పెడతామని కేకేసేవాళ్లు, ఇత్తడి గిన్నెలకు కళాయి పోస్తామని కొలిమి తిత్తితో దిగేవాళ్లు. ఆ కేకలు ఆగిపోయాకే ఇత్తడి గిన్నెలు అల్మరాల్లోకెళ్లి అలంకారాలయ్యాయి. గిన్నెకేం కాలేదు, కళాయి పోసేవాళ్లు రావడం మానేశారు. కళాయి లేని ఇత్తడిలో పులుసు పెడితే కిలమెక్కుతుంది, వండకూడదు. ఇప్పుడు పాత ఇత్తడి తూకానికి చవకగా వస్తోందని సంబరపడి కొనేవాళ్లని ఒక్కటే అడుగుతాను. మీ ఊళ్లో కళాయి ఎవరు పోస్తారు?

ఇక వంటల పుస్తకాలు.

హైదరాబాదులో ఉన్నన్నాళ్లూ ఆదివారం అంటే నాకు ఆబిడ్స్. పెద్ద కొట్ల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పుస్తకాలు కుప్పలు పోస్తారు. ఎంసెట్ గైడ్లు, పాత నవలలు, ఎవరో అమెరికా వెళ్లిపోతూ వదిలేసిన కంప్యూటరు గ్రంథాలు, వాటి మధ్యలో నిగనిగలాడే వంటల పుస్తకాలు. కోఠీలో అయితే వారమంతా ఇదే తంతు. నేను కనిపెట్టిన సంగతేమిటంటే, ఫుట్‌పాత్ మీదకి కొత్తగా, తళతళలాడుతూ వచ్చే వంటల పుస్తకం దాదాపు ఎప్పుడూ వాడనిదే. ఇటలీ పాస్తాలు, ఫ్రెంచి కేకులు, పేజీకో రంగుల బొమ్మ. ఎవరో ఎవరికో బహుమతిగా ఇచ్చినది, మొదటి పేజీలో శుభాకాంక్షలు కూడా ఉంటాయి. నిజంగా వాడిన పుస్తకం అంత దూరం రాదు. నూనె చేతులతో తిప్పితే పేజీలు అంటుకుపోయి, అట్ట ఊడి, కుట్టు విడి ఇంట్లోనే కాలం చేస్తుంది. అందుకే చూడ్డానికి బాగున్నదాని జోలికి పోను. కుప్ప అడుగున పల్చటి కాగితం మీద ముద్రించినది, బొమ్మల్లేనిది, అట్ట మీద ఏ దినుసు మరకో ఉన్నది ఏమైనా దొరుకుతుందేమోనని వెతుకుతాను.

దొరికాక అరిసెల పేజీ తీస్తాను. ఇది నా పరీక్ష. తెలుగు పిండివంటల్లో అబద్ధం ఆడటానికి వీల్లేనిది అరిసె. బియ్యం నానబెట్టి, నీళ్లు ఓడ్చి, తడి ఆరకముందే దంచాలి. పిండిని ఆరనివ్వకూడదు, గిన్నెలో నొక్కి మూత పెట్టాలి. బెల్లం పాకం నీళ్లలో వేస్తే చేతికి మెత్తటి ఉండగా రావాలి. లేతగా దింపితే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే మర్నాటికి రాయి. ఈ సంగతులన్నీ ఆ పేజీలో ఉంటే రచయిత్రి చేసి చూసిన మనిషి. "బియ్యప్పిండి రెండు కప్పులు, బెల్లం ఒక కప్పు, కలిపి వేయించుకోవలెను" అని మూడు ముక్కల్లో తేల్చేస్తే ఇంకో పుస్తకంలోంచి ఎత్తి రాసిన మనిషి. పుస్తకం ఇరవై రూపాయలే అయినా పెట్టేస్తాను. అమ్మే అబ్బాయికి నా వాలకం బాగా తెలుసు. "చదివేసినవ్ గదమ్మా, ఇంక కొనుడెందుకు?" అంటాడు. నిజమే, అరిసెలు ఎలా చెయ్యాలో నాకు తెలుసు. తెలిసిన వంటతోనే కదా తెలియని వంటల్ని నమ్మొచ్చో లేదో తేల్చుకునేది.

ఆ పరీక్షలో నెగ్గిన పుస్తకాల్లో మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు' ముందుంటుంది. ఎన్ని ముద్రణలు పొందిందో, ఎన్ని పెళ్లిపెట్టెల్లో అత్తవారిళ్లకు వెళ్లిందో. ఆవిడ ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షిక దశాబ్దాలపాటు నడిపారు, నవలలు రాశారు, 'హృదయనేత్రి'కి 1992లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. 'పాత కెరటాలు' పేరుతో ప్రపంచ నవలల్ని తెలుగువాళ్లకి కొద్ది పేజీల్లో పరిచయం చేశారు. నా అనుమానం ఏమిటంటే, నవల కుదించడానికీ వంట రాయడానికీ కావలసిన చేయి ఒకటే. ఆరు వందల పేజీల నవల్లో ఏది వదిలేస్తే కథ చెడుతుందో తెలిసిన మనిషికి, మైసూరుపాకులో ఏ వాక్యం వదిలేస్తే పాకం చెడుతుందో కూడా తెలుస్తుంది. సాహిత్య చరిత్రలు ఆవిడ నవలల్ని లెక్కపెడతాయి గానీ ఈ వంటల పుస్తకాన్ని పక్కకి పెడతాయి. నాకది అన్యాయమనే అనిపిస్తుంది. తెలుగులో అంత బిగువైన వచనం, ఒక్క విశేషణం ఎక్కువ లేకుండా, ఎందరు రాశారు?

తమిళులకు ఎస్. మీనాక్షీ అమ్మాళ్ ఉన్నారు. 'సమైత్తుప్ పార్' మొదటి భాగం 1951లో వచ్చింది. కొత్తగా కాపురాలకెళ్లిన చుట్టాలమ్మాయిలు అదెలా ఇదెలా అని అడుగుతుంటే, విడివిడిగా జవాబులు చెప్పేకంటే పుస్తకమే వెయ్యమని బంధువొకాయన సలహా ఇచ్చారట. ఇప్పటికీ ఇంగ్లీషు అనువాదం కొట్లలో దొరుకుతుంది. మన సాంబారు ఎందుకు కుదరడంలేదో తెలుసుకోవాలనుకునే తెలుగువాళ్లకి పనికొస్తుంది.

పాత పుస్తకం చవకగా దొరికితే దాంతోపాటు ఒక చిక్కు కూడా మనింటికొస్తుంది. కొలతలు. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, అమలు దశలవారీగా జరిగింది. అంతకు ముందు ముద్రించిన పుస్తకాల్లో వీశెలు, పలాలు, తులాలు, సోలలు, గిద్దలు ఉంటాయి. తులం ఇంచుమించు పదకొండున్నర గ్రాములు, మూడు తులాలు పలం, నలభై పలాలు వీశె, అంటే దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఈ లెక్క అట్ట లోపలి పక్క పెన్సిల్‌తో రాసుకుంటే డెబ్బై ఏళ్ల పుస్తకం కూడా ఈ పూట పనికొస్తుంది. రాసుకోకపోతే అది బొమ్మల్లేని బొమ్మల పుస్తకం.

పాత పుస్తకాల్లో మరికొన్ని ముక్కలు కూడా ఊడిపోయి ఉంటాయి, కాగితం మీద ఎన్నడూ లేనివి. "కుంపటి మీద పెట్టి, మూత మీద నిప్పులు వేసి" అని ఉంటుంది. నా ఫ్లాట్‌లో కుంపటేదీ? "కందిపప్పు మెత్తగా ఉడికించి" అని ఒక్క మాటలో తేల్చేస్తుంది. ఇత్తడి గిన్నెలో గంటసేపు ఉడికిన పప్పుకీ, కుక్కర్లో నాలుగు కూతలకి ఉడికిన పప్పుకీ చిక్కదనం వేరు, కాబట్టి పోయాల్సిన చింతపండు పులుసు వేరు. రాసినావిడ కళ్ల ముందున్న పొయ్యి, రోలు, గిన్నె పుస్తకంలోకి ఎక్కలేదు. అవి ఉన్నాయనుకునే ఆవిడ మిగతాది రాసింది. అందుకని పాత పుస్తకానికి కూడా రబ్బరు దొరుకుతుందా అని చూసుకోవాలి. ఆ పొయ్యి మీద వండినవాళ్లు ఇంకా ఎవరైనా ఫోనెత్తుతారా? మా పెద్దత్తయ్య ఉన్నన్నాళ్లు నా పుస్తకాలన్నింటికీ ఆవిడే రిపేరు కొట్టు. "ఇంగువ ఎప్పుడెయ్యాలో రాయలేదత్తయ్యా" అంటే, "అది కూడా రాస్తారటే?" అనేది. తర్వాత చెప్పేది.

యంత్రం అమ్మేవాళ్లే పుస్తకమూ రాయాల్సి వచ్చింది ఇందుకే. ప్రెషర్ కుక్కర్ చరిత్ర మొదట్నుంచీ అంతే. 1679లో డెనిస్ పాపాన్ అనే ఫ్రెంచి మనిషి లండన్‌లో ఆవిరిని బిగించి ఎముకల్ని మెత్తబరిచే పాత్రొకటి తయారుచేశాడు. రెండేళ్లు తిరక్కుండా దాన్ని ఎలా వాడాలో, అందులో ఏమేం వండొచ్చో పుస్తకం వేశాడు. కొత్త పాత్రలో పాత వంట ఎలా చెయ్యాలో ఎవరికి తెలుసు? మన దేశంలో కుక్కర్లు వచ్చాక కూడా పెట్టెలో పల్చటి పుస్తకం పెట్టే ఆనవాయితీ వచ్చింది. హాకిన్స్ వాళ్ల పుస్తకం చాలామంది ఇళ్లలో చూశాను. ఏ దినుసు ఎన్ని నిమిషాలో పట్టిక, నీళ్లెన్నో, ఎంతవరకు నింపాలో బొమ్మ. ఆ పుస్తకాలు మనం చదవం. పెట్టెతో పాటు పాత పేపర్లవాడికి వేసేస్తాం. తర్వాత ఎప్పుడో పెసరపప్పు నురగ వెంట్ పైపులోకెక్కి వంటిల్లంతా చిమ్మితే అప్పుడు కంపెనీని తిడతాం. ఆ పల్చటి పుస్తకాలు నాకు ఎక్కడ కనిపించినా వదలను. అవి రాసినవాళ్లకి సాహిత్యం మీద ఆశల్లేవు. తప్పు రాస్తే కుక్కరు తిరిగొస్తుందన్న భయం ఒక్కటే ఉంది.

ఇంకో రకం చవక పుస్తకాన్ని వంటల పుస్తకంగా ఎవరూ గుర్తించరు. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ గార్ల 'న్యూట్రిటివ్ వాల్యూ ఆఫ్ ఇండియన్ ఫుడ్స్' అక్కణ్నుంచి 1971లో వచ్చి ఎన్నోసార్లు పునర్ముద్రణ పొందింది. 2017లో 528 రకాల ఆహార పదార్థాలతో కొత్త పట్టికలు వేశారు. సంస్థ 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాలు అంతర్జాలంలో ఉచితంగానే దొరుకుతాయి. వీటిల్లో ఒక్క వంట కూడా ఉండదు. కానీ మునగాకులో ఏముందో, తోటకూరలో ఏముందో అంకెల్లో చూశాక రైతుబజార్లో నా చేయి వేరే వైపు వెళ్లడం మొదలుపెట్టింది. రాగి, కొర్ర, సామల వంటలు కావాలంటే రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థవాళ్ల ప్రచురణలున్నాయి. ప్రభుత్వ ముద్రణ కాబట్టి అట్ట బాగుండదు. అట్టతో మనకేం పని?

యూట్యూబ్ ఉండగా ఇదంతా దేనికని అడిగేవాళ్లున్నారు. ఉంది, నేనూ చూస్తాను. పాకం తీగ సాగడం ఎలా ఉంటుందో అక్షరాలు చూపించలేవు, వీడియో చూపిస్తుంది. కాకపోతే పిండి చేత్తో ఫోన్ వెనక్కి జరపడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. పదమూడు నిమిషాల్లో ఉప్పు ఎంతో ఎక్కడ చెప్పిందో వెతకడం ఇంకా కష్టం.

సరే, ఏ సామాను కొనాలంటారా? నాకు అన్నిటికంటే అభిమానం రైస్ కుక్కర్ మీద. 1955లో జపాన్‌లో తోషిబా దాన్ని అమ్మకానికి పెట్టింది. యోషితాదా మినామి అనే చిన్న తయారీదారు దాన్ని రూపొందిస్తే, ఆయన భార్య ఫుమికో ఇంట్లో అన్నం మీద అన్నం వండి పరీక్షించి చూసింది. లోపల జరిగేది తెలిస్తే ముచ్చటేస్తుంది. గిన్నెలో నీళ్లున్నంతసేపు అడుగు వేడి నూరు డిగ్రీల దగ్గరే ఉంటుంది. బియ్యం ఆ నీళ్లన్నీ పీల్చుకోగానే వేడి నూరు దాటుతుంది. దాటడం ఆలస్యం, మీట టక్కుమని పైకి లేస్తుంది. గడియారం లేదు, లెక్క లేదు. నీళ్లు అయిపోయాయన్న కబురు వేడే మోసుకెళ్తుంది. ఇంత సాదా యంత్రం పాడవటానికి కారణాలు కూడా తక్కువే. అయితే దాంతో వచ్చే ప్లాస్టిక్ కప్పు సంగతి చాలామందికి తెలియదు. అది 180 మిల్లీలీటర్ల జపాను కొలత. పుస్తకాల్లో కప్పంటే సాధారణంగా 240 మిల్లీలీటర్లు. పుస్తకంలోని పులావుకి ఈ కప్పుతో బియ్యం పోసి, ఇంకో కప్పుతో నీళ్లు పోస్తే జావ కాచుకున్నట్టే. పైగా కొత్త బియ్యానికి నీళ్లు తక్కువ పొయ్యాలి, పాత బియ్యానికి ఎక్కువ. ఆ సంగతి ఏ జపాను కప్పుకీ తెలియదు. బియ్యం కొట్టాయన్ని అడగాల్సిందే.

గ్రైండరు గురించి కోయంబత్తూరుకి దణ్ణం పెట్టుకోవాలి. 1955లో అక్కడ పి. సభాపతి అనే ఆయన తిరిగే రుబ్బురోలు తయారుచేశారు. ఆ ఊరి గ్రైండరుకి ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రాళ్లు నెమ్మదిగా తిరుగుతాయి, పిండి వేడెక్కదు, గాలి కలుస్తుంది, పొంగు బాగుంటుంది. మిక్సీ బ్లేడు వేగానికి ఆ పని చేతకాదు. అల్లం పచ్చడికి మిక్సీ, ఇడ్లీ పిండికి గ్రైండరు. ఇల్లు చిన్నదై రెండిట్లో ఒకటే కొనగలమంటే మిక్సీయే కొంటాం, కొనాలి కూడా. ఇడ్లీ పిండి వీధి చివర కవర్లలో దొరుకుతోంది కదా.

కుక్కరు మాత్రం చవకని చూసి కొనొద్దు. ఐఎస్ఐ గుర్తు లేని ప్రెషర్ కుక్కరు అమ్మకూడదని కేంద్రం ఆదేశమిచ్చింది, 2021 నుంచి అమల్లో ఉంది. 2022లో అలాంటివి అమ్మనిచ్చినందుకు పెద్ద పెద్ద ఆన్‌లైన్ అంగళ్లకే జరిమానాలు పడ్డాయి. లోపల నీళ్లు నూట ఇరవై డిగ్రీల దాకా వేడెక్కే పాత్ర అది. సేఫ్టీ వాల్వ్ దగ్గర పది రూపాయలు మిగుల్చుకునే చోటు కాదు. వాడిన కుక్కరు ఎవరైనా ఊరికే ఇచ్చినా, అడుగు ఉబ్బి ఉంటే దాన్లో మొక్క నాటండి. ఇండక్షన్ పొయ్యి కొనబోయే ముందు ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి తీసి మీ గిన్నెల అడుగున పెట్టి చూడండి. అంటుకోకపోతే, పొయ్యి ధరకి కొత్త గిన్నెల ధర కూడా కలుపుకోవాలి. ఎయిర్ ఫ్రయర్ అంటారా, అది ఫ్యాను పెట్టిన చిన్న ఓవెను. బంగాళదుంప ముక్కలకి, అప్పడాలకి, మిగిలిపోయిన సమోసా వేడికి బాగుంటుంది. గారెల పిండి మాత్రం అందులో వెయ్యకండి. తడిపిండి చుట్టూ ఒక్కసారిగా నూనె మూసుకుంటేనే గారె గారెలా నిలుస్తుంది. గాలికి ఆ పని రాదు.

కొనే చోట్ల గురించి పెద్ద రహస్యాలేం లేవు. హైదరాబాదులో బేగంబజారు, బెజవాడలో వన్‌టౌన్. స్టీలు, ఇత్తడి తూకానికి ఇచ్చే కొట్లో పేరుకి డబ్బు కట్టనక్కర్లేదు. గిన్నె అడుగు మందం వేలితో చూసుకుంటే చాలు. నెలాఖరుకి ఫ్లాట్లు ఖాళీ చేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్ల దగ్గర గ్రైండరు కొనొచ్చు, రాయికి వయసు లెక్క కాదు. ఇనప పెనం కొనొచ్చు, ఒకరు వాడి నల్లబరిచిన అట్ల పెనం కొత్తదానికంటే మేలు. నాన్‌స్టిక్ మాత్రం కొనకూడదు, దాని ఆయుష్షు అప్పటికే వాళ్లింట్లో అయిపోయి ఉంటుంది. ఇక పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడ దగ్గర బేరం నావల్ల కాదు. రెండు ప్యాంట్లు, ఒక షర్టు చూపించి డబ్బా అడిగితే, "దీనికి ఇంత డబ్బా రాదమ్మా, గరిటెస్తది. పట్టుచీరేమన్నా ఉంటే తే, కుక్కరిస్త" అంటుంది. ఆ చీర నాకెంతకు పడిందో ఆవిడ అడగదు.

మొన్న శ్రావణంలో మా అన్నయ్య కూతురు ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లింది. సామాను సర్దడానికి నన్ను పిలిచారు, ఈ విషయంలో నాకు ఇంటిపేరంత పేరుంది. పెట్టెకి ఇరవై మూడు కిలోలు, రెండు పెట్టెలు. వాళ్లమ్మ కొత్త మిక్సీ తీసుకొచ్చి పెట్టింది. "వదినా, అక్కడ కరెంటు నూట ఇరవై వోల్టులు, ఇది సరిగ్గా తిరగదు. ఆ కరెంటుకి చేసిన మిక్సీలు అక్కడే దొరుకుతాయి" అని పక్కన పెట్టించాను. కుక్కరు మూడు లీటర్లది చాలన్నాను. దాని వెయిట్, సేఫ్టీ వాల్వ్, రబ్బరు రెండో జత విడిగా కవర్లో పెట్టించాను. రైస్ కుక్కరు అక్కడే కొనుక్కోమన్నాను. ఆ పిల్లకి నా దగ్గరున్న పాత వంటల పుస్తకం ఒకటి ఇచ్చాను, వీశెల లెక్క పెన్సిల్‌తో రాసినది. తూచి చూసింది. "అత్తా, ఇది ముప్పావు కిలో ఉంది" అంది. పుస్తకం తెరిచి, విషయసూచిక ముందు పెట్టుకుని, ఏవేవి పనికొస్తాయో నన్ను అడుగుతూ ఆ పేజీలన్నీ ఫోన్లో ఫోటోలు తీసుకుంది. అరిసెలు వద్దంది. వీశెల పేజీ కూడా తీసుకుంది. పుస్తకం నా చేతికి తిరిగిచ్చి, ఆ ముప్పావు కిలో చోట్లో వాళ్లమ్మ పెట్టిన గోంగూర పచ్చడి సీసాని రెండు కవర్లు చుట్టి పెట్టుకుంది.